రెండు తీర్పులు, మూడు బావులు: ఉన్మాదవాదమున స్త్రీపురుష భేదవిచారము

1959 ఏప్రిల్ నెలలో నాటి బొంబాయి రాష్ట్రమున రెండు హత్యలు జరిగినవి. 9వ తేదీ రాత్రి ఖేడా జిల్లాలో ఒక భర్త, లోపల గడియ వేసిన గదిలో భార్యను కత్తితో పొడిచి చంపెను. ఆమె శరీరముపై 44 గాయము లుండెను. అదే నెల 27వ తేదీ సాయంకాలము బొంబాయి నగరమున నౌకాదళ కమాండరు కె. యం. నానావతి, తన భార్యతో సంబంధము పెట్టుకొన్న ప్రేమ్ ఆహూజా యను వ్యాపారిని రివాల్వరుతో కాల్చి చంపెను. మొదటివాడు తనకు ఆ సమయమున మతి స్థిమితము లేదని వాదించెను. రెండవవాని పక్షమున, పెనుగులాటలో గుండు ప్రమాదవశమున పేలినదనియు, అది కానిచో తీవ్రోద్రేకమున జరిగిన పనియనియు వాదించిరి. రెండు అప్పీళ్లును సుప్రీంకోర్టునకు చేరినవి. రెండింటిలోను తీర్పు వ్రాసినవారు కోకా సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1902లో రాజమహేంద్రవరమున జన్మించి, మద్రాసులో న్యాయవాదిగా ఎదిగి, 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తియు, 1954లో ఆంధ్ర హైకోర్టునకు మొదటి ప్రధాన న్యాయమూర్తియు, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తియు అయిరి. తెలుగువా రాయనను తలచుకొన్నపుడు 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పును, ప్రాథమికహక్కుల వాదమునే స్మరింతురు. నేరస్మృతి విషయమున ఆయన చేసిన కృషి అంతగా చర్చకు రాలేదు. అయినను, మనస్సు చెదరిన మనిషిని చట్ట మెట్లు చూడవలెనను ప్రశ్న పుట్టినపుడెల్ల మన కోర్టులు నేటికిని మొదట విప్పునవి ఈ రెండు తీర్పులే: 1961 నవంబరు 24 నాటి నానావతి తీర్పు, 1964 మార్చి 19 నాటి గుజరాతు తీర్పు. రెండింటను ముద్దాయి పురుషుడు, రెండింట కథకు మూలము ఒక భార్య. పురుషుల మనస్సులను చూచి తయారుచేసిన ఈ కొలబద్ద స్త్రీల మనస్సులకు ఎంతవరకు సరిపోయినది? న్యాయశాస్త్ర గ్రంథములలో ఈ ప్రశ్న చెదురుమదురుగా కనబడునే గాని, ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చేసిన విచారము అరుదు.

చట్టపు మాటలు ముందు చూడవలెను. 1843లో లండనులో డేనియల్ మెక్‌నాటన్ అనువాడు ప్రధానమంత్రి పీల్‌గారి కార్యదర్శిని కాల్చి చంపి, ఉన్మాదకారణమున విడుదల పొందగా, అలజడి చెలరేగి, ప్రభువుల సభ న్యాయమూర్తులను ప్రశ్నించి సమాధానములు రాబట్టినది. ఆ సమాధానముల నీడయే 1860 నాటి భారత శిక్షాస్మృతి 84వ సెక్షను. నేటి భారతీయ న్యాయ సంహితలో అదే నియమము 22వ సెక్షనుగా 2024 జులై 1 నుండి అమలులో నున్నది. చేయు పని స్వభావమును గాని, అది తప్పని గాని, చట్టవిరుద్ధమని గాని తెలిసికొనలేనంతగా మతి చెడినవాడు చేసినది నేరము కాదని దాని భావము. అది అడుగునది ఒక్కటే: తెలిసెనా, తెలియలేదా? తెలిసియు తన్ను తాను ఆపుకొనలేనివాని మాట అందు లేదు. అట్టివానికై స్మృతికర్తలు వేరొక వాకిలి పెట్టిరి. 300వ సెక్షను మొదటి మినహాయింపు ప్రకారము, తీవ్రముగను ఆకస్మికముగను రెచ్చగొట్టబడి, ఆత్మనిగ్రహము కోల్పోయి, రెచ్చగొట్టినవానిని చంపినచో అది హత్య కాదు, అంతకన్న తక్కువ నేరము.

ఈ రెండవ వాకిలిని ఎవరి కొలతకు చేసిరో చరిత్ర స్పష్టముగా చెప్పుచున్నది. ఇంగ్లాండు న్యాయస్థానములు దానికి చూపెడు ప్రాచీనోదాహరణము, జారునితో నున్న భార్యను కన్నులార చూచిన భర్త. 1810 నాటి ఫ్రెంచి శిక్షాస్మృతిలో 324వ అధికరణము దాపరికము లేక వ్రాసినది: కాపురమున్న యింట భార్యను జారునితో పట్టుకొని అక్కడికక్కడే చంపిన భర్తకు క్షమార్హత కలదు. భర్తను అట్లు పట్టుకొన్న భార్యకు ఆ సౌకర్యము లేదు. ఫ్రాన్సు 1975 వరకు దానిని తొలగింపలేదు. యానామున ఫ్రెంచిపాలన సాగినంతకాలము నేరవిచారణకు ఆధారము ఫ్రెంచి స్మృతియే యను మాట యిచట గుర్తుంచుకొనదగినది. గోదావరి పాయ కీవల బ్రిటిషు స్మృతియు, ఆవల ఫ్రెంచి స్మృతియు వేరువేరు భాషలలో ఒకే భర్తను మనసులో పెట్టుకొని పలుకుచుండెను. భారత శిక్షాస్మృతి మాటలలో మాత్రము స్త్రీపురుష భేదము లేదు. భేదము ప్రవేశించినది వ్యాఖ్యానమున.

నానావతి తీర్పును చదివినవారికి సుబ్బారావుగారి తూకము కనబడకపోదు. భార్య నోట సంగతి విన్న నానావతి ఆమెను, పిల్లలను సినిమాహాలులో దింపెను. పిమ్మట ఓడకు పోయి, అబద్ధపు కారణము చెప్పి రివాల్వరును ఆరు గుండ్లను తీసికొని, ఆహూజా కార్యాలయమునకును, అచట లేడని తెలిసి యింటికిని పోయెను. ఇల్లు వెడలినది మధ్యాహ్నము 1-30కి, కాల్చినది 4-20కి. ఈ మూడు గంటలలో కోపము చల్లారవలసినదని నిర్ణయించి తీర్పు యావజ్జీవ శిక్షను స్థిరపరచినది. బొంబాయి జూరీ ఎనిమిదిమంది ఒక పక్షము, ఒకడొక పక్షముగా అతనిని నిర్దోషియనగా, ‘బ్లిట్జ్’ వారపత్రిక అతనిని వీరునిగా చిత్రింపగా, ఆ సందడికి తలవంచని తీర్పు అది. అంతవరకు ప్రశంసార్హము.

అయితే ఆ తీర్పు తరువాతివారికి విడిచిన సూత్రముల సంగతి వేరు. వివేకవంతుడైన మనిషి యెంతవరకు సహించునో కొలుచుటకు స్థిరమైన ప్రమాణము లేదనియు, ముద్దాయి యే సమాజవర్గమునకు చెందెనో ఆ వర్గపు ఆచారములు, జీవనరీతి, విలువలు చూడవలెననియు సుబ్బారావుగారు వ్రాసిరి. మాటలు, సంజ్ఞలు కూడ ఉద్రేకకారణములు కాగలవనిరి. చనిపోయినవాడు పూర్వము చేసిన పనులవలన ముద్దాయి మనస్సున ఏర్పడిన పూర్వరంగమును లెక్కకు తీసికొనవచ్చుననిరి. చివరకు, ప్రాణము తీసిన దెబ్బ ఆ ఉద్రేకము చల్లారకముందే పడియుండవలెననిరి. మూడవ సూత్రము ఇచ్చినదానిని నాల్గవ సూత్రము తిరిగి లాగికొనుచున్నది. ఏండ్ల తరబడి దెబ్బలు తిన్న స్త్రీకి మూడవ సూత్రము ఆశ్రయము. కాని ఆమె, దేహబలమున తనకన్న అధికుడైనవానిని దెబ్బ తగిలిన క్షణముననే ఎదిరింపలేదు. ఎదిరించిననాడు ఆ రాత్రి అతడు నిద్రించువరకు ఆగును. ఆ ఆగుటయే ‘చల్లారుట’ అయిపోవును. ఓడకు పోయి రివాల్వరు తెచ్చుకొన్నవానికి వర్తించిన గడియారమే, వంటింట వణకుచు కూర్చున్నదానికిని వర్తించుచున్నది. సమానత్వమునకు ఇది కొంత విచిత్రమైన అర్థము.

పైగా నానావతిని చట్టము బయట నుండి ఆదుకొన్నవారు పెక్కురు. 1964లో మహారాష్ట్ర గవర్నరు విజయలక్ష్మీ పండిట్ క్షమాభిక్ష యిచ్చిరి. ఆనాటి 497వ సెక్షను ప్రకారము జారత్వమునకు ఫిర్యాదు చేయు హక్కు భర్తకే గాని, భర్త వంచించిన భార్యకు లేదు. దానిని సుప్రీంకోర్టు 2018లో గాని కొట్టివేయలేదు.

గుజరాతు తీర్పు వేరు రీతిది. ఆ భర్త, భార్య తనకు నచ్చలేదనియు, వచ్చి తీసికొనిపోవలసినదనియు మామగారికి ముందే జాబు వ్రాసియుండెను. విచారణలో కొందరు సాక్షులు మాట మార్చి, అతడు పిచ్చివానివలె ప్రవర్తించెనని చెప్పిరి. సుబ్బారావుగారు వారిని నమ్మలేదు. నచ్చని భార్యను చంపి ఉన్మాదమను ముసుగు కప్పుకొనుటకు ఆ తీర్పు అవకాశ మీయలేదు. ఇట్లు ముద్దాయి ఓడినను, చట్టము మాత్రము కొంత ముందునకు సాగినది. తలంపు అనునది నేరమునకు అంగము గనుక దానిని నిస్సందేహముగా రుజువుచేయు భారము ప్రాసిక్యూషను మీదనే యున్నదనియు, ఉన్మాదమును చూపుటకు ముద్దాయి సివిలు వ్యాజ్యమునందువలె సంభావ్యతను చూపిన చాలుననియు, అదియు పూర్తిగా చూపలేకపోయినను అతడు ప్రవేశపెట్టిన సాక్ష్యము తలంపునుగూర్చి న్యాయమైన సందేహమును కలిగించినచో విడువవలెననియు తీర్పు చెప్పినది. ఈ మూడవ మాట విలువ న్యాయవాదులు గుర్తించినంతగా సాధారణ పాఠకులు గుర్తింపలేదు. మతి పూర్తిగా చెడకున్నను, చంపవలెనను తలంపు నిజముగా ఉండెనా యని ప్రశ్నించుటకు అది వీలు కల్పించినది.

ఇక బావుల కథ. హిందూదేశపు లా రిపోర్టులలో స్త్రీల నిస్పృహకు గుర్తు కత్తియు కాదు, రివాల్వరును కాదు, నుయ్యి. 1940లో అలహాబాదు హైకోర్టు ముందు నిలిచిన పల్లెటూరి యువతి, భర్త హింసకు తాళలేక, పసిబిడ్డను ఎత్తుకొని పుట్టింటి దారి పట్టినది. వెనుకనుండి భర్త వచ్చుచున్న అలికిడి విని భయమున దారిప్రక్క నూతిలో దూకినది. బిడ్డ చనిపోయినది, తల్లి బ్రతికినది. ప్రాణాపాయకరమైన పనియని తెలిసియు ‘ఏ కారణమును లేక’ చేసినపుడే హత్య యగునను నియమమును పట్టుకొని, భయవిహ్వలత ఒక కారణమేయని ఆ కోర్టు అంగీకరించెను. హత్యానేరము తొలగినది, తక్కువ నేరము నిలిచినది. 1953లో మధ్యభారత హైకోర్టు ముందుకు వచ్చిన తల్లి ముగ్గురు పిల్లలతో నూతిలో దూకినది. అచట తక్షణకారణము ఆడుబిడ్డతో కలహము. వెంట తరుము భర్త లేడు, భయవిహ్వలత లేదు. ఇంటి కలహము కారణముగా చాలదని కోర్టు హత్యానేరమునే స్థిరపరచినది.

రెండు తీర్పులును 84వ సెక్షనుపై నిలువలేదు. నిలువజాలవు కూడ. ముగ్గురు పిల్లలను వెంటబెట్టుకొని నూతివరకు నడచిన తల్లికి తాను చేయుచున్నది తెలియదని ఎవరందురు? ఆమెకు అన్నియు తెలియును. తాను పోయిన పిదప ఆ పిల్లలకు అన్నము పెట్టువారు లేరనియు తెలియును. ఆ తెలియుటయే ఆమె నచ్చటికి నడిపించినది. తెలివిని మాత్రమే పరీక్షించు సెక్షను, ఇట్టి దుఃఖమును చూచినపుడు దానిని సంపూర్ణమైన వివేకముగా లెక్కకట్టును. తలదువ్వి, అన్నము తినిపించి, మంచి బట్టలు తొడిగి పిల్లలను తీసికొనిపోయిన తల్లియైనచో, ఆ శ్రద్ధయే ఆమె మతి బాగుగా నుండెననుటకు సాక్ష్యమగును. ఉద్రేకపు మినహాయింపును ఆమెకు తెరచుకొనదు. రెచ్చగొట్టినవాడు చనిపోవలెనని, లేదా పొరపాటున మరియొకరు చనిపోవలెనని ఆ మినహాయింపు నియమము. ఇచట రెచ్చగొట్టినది భర్త, అత్త, ఆడుబిడ్డ. చనిపోయినది ఏమియు నెరుగని బిడ్డ.

ఇంగ్లాండు ఈ చిక్కును 1922, 1938 సంవత్సరములలో శిశుహత్యా చట్టములతో పరిష్కరింప జూచినది. సంవత్సరములోపు బిడ్డను చంపిన తల్లి, ప్రసవానంతరము మనస్సు సమతౌల్యము తప్పి అట్లు చేసెనని తేలినచో, ఆమెను హంతకిగా శిక్షింపరు. మన దేశమున అట్టి శాసనము రాలేదు. రానందుకు విచారించుటకు ముందు, అది ఏ మూల్యమునకు కొనబడినదో చూడవలెను. ఆకలి, అవమానము, విడిచిపోయిన మగవాడు, వీనిలో ఏదియు ఆ చట్టమునకు కనబడలేదు. కనబడినది తల్లి దేహము, దాని రోగము. 1881లో సూరతు సెషన్సు కోర్టు శిశుహత్య చేసిన ఒక బ్రాహ్మణ వితంతువునకు ఉరిశిక్ష వేసినపుడు, పిమ్మట ఆ శిక్ష తగ్గినను, పత్రికలలో స్త్రీజాతిపై వచ్చిన దూషణలకు ఉత్తరముగా బుల్ఢాణాకు చెందిన తారాబాయి శిందే 1882లో ‘స్త్రీపురుష తులన’ యను మరాఠీ గ్రంథమును ప్రకటించిరి. ఇరువురి దోషమును ఒక్కరి తలపై మోపుట యేమి న్యాయమని ఆమె ప్రశ్న. వైద్యుని సర్టిఫికెట్టు ఆ ప్రశ్నకు సమాధానము కాదు.

ఇంగ్లాండులోనే కిరణ్‌జీత్ అహ్లువాలియా కథ ఈ సంగతిని మరింత విశదము చేయుచున్నది. పది సంవత్సరముల హింస పిదప 1989లో ఆమె, నిద్రించుచున్న భర్తపై పెట్రోలు పోసి నిప్పంటించెను. అతడు మరణించెను. ఆమెకు హత్యానేరమునకు యావజ్జీవ శిక్ష పడినది. 1992లో అప్పీలు కోర్టు, ఉద్రేకమనగా ఆకస్మికముగ నిగ్రహము తప్పుటయేయను పాత నిర్వచనమును కదల్చుటకు ఇష్టపడలేదు. ఆ నిర్వచనము 1949లో డెవ్లిన్ న్యాయమూర్తి చెప్పినది. ఆ వ్యాజ్యమునను ముద్దాయి భర్తచేత బాధింపబడిన భార్యయే యగుట విశేషము. అహ్లువాలియాకు మార్గము చూపినది వేరొకటి: ఆమె తీవ్రమైన మనోవ్యాకులతా రోగముతో నుండెనను వైద్యసాక్ష్యము. పునర్విచారణలో బాధ్యత తగ్గిన దశయని అంగీకరించి, అనుభవించిన శిక్షయే చాలునని విడిచిరి. ఆమె బయటకు వచ్చినది, సంతోషమే. కాని కోర్టు వినదలచినది ఆమె కోపమును కాదు, ఆమె రోగమును. పురుషుడు నిగ్రహము తప్పినపుడు ‘వివేకవంతుడును అంతే చేయును’ అని వాదించుటకు వీలుండగా, ఆమె తాను రోగినని ఒప్పుకొనవలసివచ్చినది. అటుపిమ్మట ఇంగ్లాండు 2009 శాసనముతో ఆ పాత ఉద్రేకవాదమునే రద్దుచేసి, దాని స్థానమున క్రొత్త నియమమును పెట్టి, దాంపత్యద్రోహ మొక్కటే అందుకు కారణము కారాదని వ్రాసినది.

మూడవ బావి మద్రాసు హైకోర్టుది. 1989లో, పిల్లలతో నూతిలో దూకి తాను బ్రతికిన ఒక తల్లి అప్పీలులో న్యాయమూర్తి డేవిడ్ అన్నుసామిగారు, ఆకస్మికోద్రేకమువలెనే దీర్ఘకాలము పేరుకొని వచ్చిన ఉద్రేకమును గుర్తింపవలెనని చెప్పి హత్యానేరమును తగ్గించిరి. అన్నుసామిగారు పుదుచ్చేరివారు, ఫ్రెంచి న్యాయమును ఇంటివిద్యగా నెరిగినవారు. స్మృతిలోని అక్షరముకన్న ముద్దాయి ఆంతర్యమును ముందు చూచు ఆ తీర్పు ధోరణిలో ఆ విద్య ఛాయ కలదని తోచును. ఇట్టి తల్లుల మనోదశకు ఆ తీర్పు పెట్టిన పేరు ‘నల్లతంగాళ్ లక్షణసముదాయము’.

తమిళదేశమున స్థిరపడిన తెలుగువారికి నల్లతంగాళ్ కథ చెప్పనక్కరలేదు. కరవున అన్న యింటికి పోయి, వదినె చేసిన అవమానమునకు తాళలేక, ఏడుగురు బిడ్డలను నూతిలో వేసి తానును పడిన ఇల్లాలు ఆమె. విరుదునగరం జిల్లా వత్తిరాయిరుప్పు ప్రాంతమున ఆమెకు గుడి కలదు. తెలుగు రాజులు నివసించు రాజపాళెమునకు అది దూరమేమియు కాదు. అకాలమరణము చెందిన స్త్రీని పేరంటాలుగా నిలిపి కొలుచు ఆచారమెరిగిన తెలుగువారికి ఆ గుడి వింతయు కాదు. ఊరు చచ్చినదానికి గుడి కట్టును. అదే పని చేసి నీటిలోనుండి బ్రతికి లేచినదానిని పోలీసులకు అప్పగించును.

మద్రాసు తీర్పు హృదయము గొప్పది. దాని కట్టడములో మాత్రము రెండు పగుళ్లు కలవు. స్మృతి అయిదు మినహాయింపులే చెప్పగా, ఆరవదానిని న్యాయమూర్తి తాను చేర్చవచ్చునా యను ప్రశ్నకు ఆ తీర్పులో తృప్తికరమైన సమాధానము లేదు. తీర్పు ఇచ్చిన ఊరట ఆ యా న్యాయమూర్తి దయపై ఆధారపడిపోవుటకు ఇది కారణము. రెండవది, పేరు. కథలో నల్లతంగాళ్‌కు రోగము లేదు. ఆమెకున్నది ఆకలి, అవమానము. ఆ రెండును కలిగించినవారు కథలో పేర్లతో నున్నారు. అట్టి కథానాయిక పేరును వ్యాధిలక్షణములకు తగిలించినపుడు, కథలోని వదినె, కరవు, ఖాళీ గాదె అన్నియు తెరవెనుకకు పోయి, వైద్యుని ముందు కూర్చున్న స్త్రీ మాత్రము మిగులును.

ఈ తల్లులకు సుబ్బారావుగారి రెండు తీర్పులలో బలమైనది నానావతి తీర్పు కాదు, గుజరాతు తీర్పు. క్రొత్త మినహాయింపు కల్పింపనక్కరలేకయే, తలంపును రుజువుచేయు భారము ప్రాసిక్యూషనుదేయను ఆ సూత్రముతో ఆరంభింపవచ్చును. ఇందుకు తోడుగా ఇప్పుడు వేరొక ఆధారమును కలదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 115వ సెక్షను, ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో నుండిరని, విరుద్ధము రుజువగువరకు, భావింపవలెనని చెప్పుచున్నది. పాత 309వ సెక్షను నేరమును క్రొత్త సంహిత ఆ రూపమున నిలుపుకొనలేదు. అనగా బిడ్డను చంకనిడుకొని దూకిన తల్లి, తన ప్రాణము విషయమున ఒత్తిడికి లోనైన బాధితురాలు. బిడ్డ ప్రాణము విషయమున, అదే క్షణమున, అదే దూకుటలో, తొణకని బుద్ధితో చేసిన హంతకి. ఒకే మనస్సును ఒకే నిమిషమున చట్టము రెండువిధముల చదువుచున్నది. 115వ సెక్షనులోని భావనను గుజరాతు తీర్పులోని మూడవ సూత్రముతో కలిపి, తలంపునుగూర్చి సందేహముగా నిలుపుటకు న్యాయవాదులకు అడ్డమేమియు లేదు. బిడ్డ ప్రాణమునకు విలువ తగ్గునను ఆక్షేపణ రాగలదు. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆ బిడ్డ పక్షమున మాటాడువా రెవ్వరును కోర్టులో లేరు. అయితే తల్లిని నూతివరకు తరిమినవారి నేరమును విచారింపని కోర్టు ఆ బిడ్డ పక్షమున మాటాడినట్లును కాదు. భార్య ఆత్మహత్యకు కారకులైనవారిని శిక్షించు సెక్షనులు స్మృతిలో నున్నవి. తల్లి బ్రతికి బిడ్డ చనిపోయినపుడు ఆ సెక్షనులు తరచు మూగవోవును.

ఉన్మాదవాదము నెగ్గిననాడేమగునో కూడ చూడవలెను. 84వ సెక్షను క్రింద విడుదల యనగా ఇంటికి పోవుట కాదు. 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు 335వ సెక్షను ప్రకారము, అట్టివారిని భద్రమైన నిర్బంధమున నుంచవలెను, లేదా దరఖాస్తు చేసికొని పూచీ యిచ్చిన బంధువునకో మిత్రునకో అప్పగింపవలెను. పురుషుడైన ముద్దాయికి తల్లియో తండ్రియో అన్నయో ఆ దరఖాస్తు పెట్టుదురు. పెండ్లియైన స్త్రీకి బంధువనగా లోకము మొదట చూపునది భర్తను. బావివరకు ఆమెను నడిపించినవాడు పూచీ వ్రాసినచో ఆమె అతని యింటికి పోవలెను, వ్రాయనిచో ఆసుపత్రిలో నుండవలెను. పుట్టింటివారు రానిచో మూడవ దారి లేదు. 2023 నాటి భారతీయ నాగరిక సురక్షా సంహితలోను ఈ యేర్పాటు మార్పులేక కొనసాగుచున్నది.